ప్రాగ్ పాతనగరంలో గైడు వెంట నడక: చెన్నై నుంచి వెళ్ళే తెలుగువారికి కొన్ని సూచనలు

చెక్ దేశపు రాజధాని ప్రాగ్‌లోని పాతనగరం సన్నని సందులతో అల్లుకున్న ఊరు. టూరిస్టు బస్సు అంచుదాకా తీసుకువెళ్ళి దింపేస్తుంది, అక్కడినుంచి ఎవరి కాళ్ళు వారివే. కనుక ఆ ఊరు చూడాలనుకునేవారు రెండున్నర, మూడు గంటల వాకింగ్ టూర్‌ ఒకటి తప్పక తీసుకోవాలన్నది నా సలహా. అయితే దానిని ప్రయాణం చివరి రోజుకు వాయిదా వేయకుండా, చేరిన మరునాటి ఉదయానికే పెట్టుకోవాలి. ఆ మూడు గంటల్లో ఊరంతా చూడడం ఎవరివల్లా కాదు. ఆ తర్వాత రెండు మూడు రోజులు మనంతట మనం తిరిగేటప్పుడు ఏ గోడ దగ్గర ఆగాలో, ఏ గోపురాన్ని తలెత్తి చూడాలో ముందుగా చెప్పించుకోవడానికే గైడు. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే మిగతా ఏర్పాట్లన్నీ సులువవుతాయి.

మేము వెళ్ళింది నలుగురం: నేను, మా ఆవిడ, మా వియ్యంకులు, వియ్యపురాలు. పశ్చిమ మాంబళంలో ముప్ఫై ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళం, అందరికీ అరవై దాటాయి. కాబట్టి ఈ సూచనలు మోకాళ్ళున్న సంగతి అప్పుడప్పుడు గుర్తుకొచ్చే వయసువారి వైపునుంచి రాసినవని ముందే మనవి చేస్తున్నాను.

సన్నాహం చెన్నైలోనే మొదలుపెట్టాలి. 1639 ఆగస్టు 22న దామెర్ల నాయకుల నుంచి ఇంగ్లీషు కంపెనీ సముద్రతీరంలో కొంత నేల పొందిన రోజును మద్రాసు దినంగా జరుపుకుంటారు. ఆ వారంలో నగరమంతటా చారిత్రక నడకలు నిర్వహిస్తారు. వాటిలో ఒకదానికి, వీలైతే సెయింట్ జార్జి కోటలోని దానికి, వెళ్ళి రండి. 1680లో ప్రారంభమైన సెయింట్ మేరీస్ చర్చి ముందు నిలబడి, 1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్ళి ఇక్కడే జరిగిందని ఎవరో చెబుతుంటే విన్నప్పుడు, ఇన్నేళ్ళూ 21 నంబరు బస్సులోంచి చూసి వదిలేసిన ఊరు ఇదేనా అనిపిస్తుంది. చెన్నపట్నానికి ఆ పేరు దామెర్ల చెన్నప్ప నాయకుడి మీదుగా వచ్చిందని తెలుగువాళ్ళకే కొత్తగా తెలియడం మరో చిత్రం. కానీ నేను ఆ నడకకు పంపుతున్నది చరిత్ర కోసం మాత్రమే కాదు. వాకింగ్ టూర్‌లో అలసట నడవడంవల్ల కంటే నిలబడడంవల్ల ఎక్కువగా వస్తుంది. పది నిమిషాలు నడవడం, పన్నెండు నిమిషాలు కదలకుండా నిలబడి వినడం, మళ్ళీ నడవడం. మెరీనాలో రోజూ గంట నడిచేవారికి కూడా ఈ నిలబడడం అలవాటుండదు. మీ నడుము ఎంతసేపు ఓర్చుకుంటుందో కోటలోనే తేలిపోతే, ప్రాగ్‌లో మడత స్టూలు వెంట తీసుకువెళ్ళాలో అక్కర్లేదో నిర్ణయించుకోవచ్చు.

బూట్ల సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. ప్రాగ్ పాతవీధులు గుండ్రటి చిన్న రాళ్ళు పరిచినవి. అక్కడివారు వాటిని ముద్దుగా 'పిల్లి తలలు' అంటారు. పలుచని అడుగున్న చెప్పులతో ఆ పిల్లులమీద మూడు గంటలు నడిస్తే సాయంత్రానికి అరికాళ్ళు మండుతాయి. మందమైన రబ్బరు అడుగున్న బూట్లు కనీసం నెల ముందు కొని, రోజూ వేసుకుని అలవాటు చేసుకోవాలి. మా వియ్యంకులు ప్రయాణానికి రెండురోజుల ముందు పాండీ బజారులో కొత్తవి కొన్నారు. మొదటి చర్చి దగ్గరికే మడమ బొబ్బలెక్కింది, మిగతా నడకంతా ఆయన చరిత్రకన్నా బెంచీలకోసమే ఎక్కువగా వెతికారు.

వీసా విషయం క్లుప్తంగా చెబుతాను. చెక్ దేశంతో సహా చాలా యూరప్ దేశాలకు ఒకటే అయిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, పదిహేను రోజులకన్నా తక్కువ వ్యవధి ఉంటే తీసుకోరు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురాకూడదన్న నియమం ఉన్నందున నెయ్యి సీసా ఇంట్లోనే ఉంచి, కందిపొడి, మురుకులతో సరిపెట్టుకోండి.

కాలం ఎంచుకోవడంలో మనవాళ్ళు వేసవి సెలవుల వెంట పడతారు. జూలైలో పాతనగరం చౌకు రంగనాథన్ వీధిలా కిక్కిరిసి, గైడు మాట వినిపించదు. డిసెంబరులో క్రిస్మస్ సంత దీపాలు అందంగా ఉంటాయి కానీ నాలుగు గంటలకే పొద్దుగుంకుతుంది, చలి చెన్నై ఒంటికి పరీక్ష. ఏప్రిల్ చివరా, మే నెలా, సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం మేలు. మేము అక్టోబరు మొదటి వారంలో వెళ్ళాం.

నడకలు మూడు రకాలుగా దొరుకుతాయి. మొదటిది 'ఉచితం' అని పిలిచేది. టికెట్టు ఉండదు, చివర టిప్పు ఇవ్వాలి. ఆ పేరు చూసి నిజంగా ఉచితమనుకోవడం పొరపాటు, ఎందుకంటే గైడుకు ఆ టిప్పే జీతం, పైగా చాలాచోట్ల వచ్చిన ప్రతి మనిషికీ ఇంత చొప్పున గైడే సంస్థకు చెల్లించుకుంటాడు. అంతా విని చివర మెల్లగా జారుకోవడం మన మర్యాద కాదు. రెండవది టికెట్టు కొనుక్కునే చిన్న బృందం, మూడవది మనకోసమే మాట్లాడుకునే సొంత గైడు. నలుగురు పెద్దవాళ్ళు కలిసి వెళితే రెండవదో, ఖర్చు పంచుకోగలిగితే మూడవదో తీసుకోవడం మంచిది. డబ్బు కట్టే ముందు మూడు ప్రశ్నలు అడిగి తెలుసుకోండి: బృందంలో ఎంతమంది ఉంటారు, కోట గుట్ట ఎక్కాల్సి ఉంటుందా, మధ్యలో కూర్చోవడానికీ టాయిలెట్‌కూ ఆగుతారా. ఇరవైమంది దాటిన బృందంలో చెవిలో పెట్టుకునే రిసీవరు ఇవ్వకపోతే సగం మాటలు గాలికే పోతాయి.

బయలుదేరే ముందు రాత్రి కొన్ని చెక్ మాటలు నేర్చుకుంటే గైడు ఇంగ్లీషు తేలికగా అర్థమవుతుంది, ఎందుకంటే అన్ని పేర్లూ వాళ్ళ నోట వేరుగా వినిపిస్తాయి. ఊరి పేరే 'ప్రహా'. 'మోస్త్' అంటే వంతెన, 'హ్రద్' అంటే కోట, 'నామ్యెస్తీ' అంటే చౌకు, 'ఉలిత్సే' అంటే వీధి. 'దోబ్రీ దెన్' అని పలకరించి 'ద్యెకుయి' అని కృతజ్ఞత చెబితే కొట్టువాడి ముఖం కూడా కాస్త మెత్తబడుతుంది.

నడక మొదలయ్యేచోట పావుగంట ముందే ఉండండి. చౌకులో ఒకే సమయంలో నాలుగైదు రంగుల గొడుగులు పట్టుకుని వేర్వేరు గైడులు నిలబడి ఉంటారు, తప్పు గొడుగు కిందికి చేరడం సులువు. తర్వాత మొహమాటపడకుండా గైడు పక్కనే నడవండి. మనవాళ్ళు ఫోటోల కోసం వెనకబడతారు, గైడు అసలైన ముచ్చట్లు మాత్రం ఒకచోటునుంచి మరోచోటికి నడిచేటప్పుడు పక్కనున్నవారికే చెబుతాడు. చౌకునుంచి వంతెనకు వెళ్ళే కార్లోవా వీధి సన్నగా, వంపులు తిరిగి, జనంతో నిండి ఉంటుంది. అక్కడే మేము బృందాన్ని పోగొట్టుకుని పదిహేను నిమిషాలు గాజుబొమ్మల కొట్ల మధ్య తిరిగాం. ఆ వీధిలోకి దిగేముందే, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో అడిగి ఉంచుకోండి. జేబుదొంగలు కూడా అలాంటి ఇరుకు వీధులనూ, చౌకులోని ఖగోళ గడియారం ముందరి గుంపునూ ఇష్టపడతారు కనుక పాస్‌పోర్టు హోటల్లోనే భద్రపరచి, దాని నకలు వెంట ఉంచుకోండి.

ఒక చిన్న పుస్తకం, పెన్సిలు జేబులో ఉంటే మంచిది. నేను ప్రతి సంగతి పక్కనా 'క' అనో 'చ' అనో రాసుకున్నాను. 'క' అంటే కథ, 'చ' అంటే చరిత్ర. యూరప్ గైడులు రెండింటినీ ఒకే స్వరంతో, అంతే నమ్మకంతో చెబుతారు. రెండూ వినదగ్గవే, కానీ ఏది ఏదో తెలిసి వినడంలో రుచి వేరు.

ఉదాహరణకు పాతనగర సభాభవనం గోడమీది ఖగోళ గడియారం. దానిని చేసిన హనుష్ అనే పనివాడు మరో ఊరికి ఇలాంటిది చేసిపెట్టకుండా నగరపెద్దలు అతని కళ్ళు తీయించారని గైడు చెబుతాడు. అది 'క', తాజ్‌మహల్ కట్టినవారి చేతులు నరికించారన్న కథకు తోబుట్టువు. 1410లో కదాన్ ఊరివాడైన మికులాష్ దానిని తయారుచేశాడన్నది 'చ'. ప్రతి గంటకూ అస్థిపంజరం గంట మోగించడం, కిటికీల్లో ఏసు బోధను చాటిన పన్నెండుమంది అపోస్తలులు వరుసగా కనిపించడం, చివర కోడి కూయడం చూడడానికి జనం మెడలు చాచి నిలబడతారు. నిజం చెప్పాలంటే ఆ తతంగం ఒక నిమిషంలో అయిపోతుంది, చాలామంది 'ఇంతేనా' అంటారు. గంట కొట్టిన తర్వాత గుంపు చెదిరిపోయాక, పావుతక్కువకో పావుకో ఆ గడియారం ముందుకు వచ్చి, బొమ్మలను వదిలి, గంటలు చూపే గుండ్రటి పళ్ళాన్ని (డయల్‌ను) చూడండి. పంచాంగం చూసే అలవాటున్న తెలుగువారికి ఊరు మొత్తంలో అంతకన్నా దగ్గరి వస్తువు మరొకటి ఉండదు.

పళ్ళెం అంచున నల్లని వలయంమీద పాతకాలపు అంకెలు ఒకటినుంచి ఇరవైనాలుగు వరకు ఉంటాయి. అది పాత చెక్ కాలమానం. అందులో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది, కనుక అస్తమయం మారేకొద్దీ ఆ వలయం కూడా అటూఇటూ జరుగుతూ ఉంటుంది. దాని లోపల రోమన్ అంకెలు ఇప్పటి గంటలు. ఇంకా లోపల బంగారు రంగు వంపు గీతలు పగటిని, అది పొడుగైనా పొట్టిదైనా, సమంగా పన్నెండు భాగాలు చేస్తాయి. పగటిని ఎనిమిది భాగాలు చేసి రాహుకాలం లెక్కగట్టే మనకు ఈ పద్ధతిని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. సగం వెండి, సగం నలుపు ఉన్న గోళం తిరుగుతూ చంద్రకళలు చూపుతుంది. రాశుల వలయంమీద సూర్యుడి బొమ్మ కదులుతుంది. అక్కడే మా వియ్యంకులకు అనుమానం వచ్చింది.

"బావగారూ, సూర్యుడు తులలో ఉన్నట్టు చూపిస్తోంది. మన పంచాంగం ప్రకారం ఇంకా కన్యలోనే కదా ఉండాలి? ఆరువందల ఏళ్ళ గడియారం కదా, పాడైందంటారా?"

గడియారం పాడవలేదు, పంచాంగమూ తప్పలేదు. పాశ్చాత్యుల రాశులు, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తునుంచి లెక్కగట్టే సాయన రాశులు. మనవి నక్షత్రాలను బట్టి లెక్కగట్టే నిరయన రాశులు. రెండింటి మధ్య తేడా ఇప్పుడు సుమారు ఇరవైనాలుగు డిగ్రీలు, అంటే మూడు వారాలకు పైన. అందుకే వాళ్ళ మేషం మార్చి 20 ప్రాంతంలో మొదలైతే, మన మేషంతో మొదలయ్యే తమిళ సంవత్సరాది, చెన్నైలో మనం చూసే చిత్తిరై పుత్తాండు, ఏప్రిల్ 14కు వస్తుంది. ఈ సంగతి మా గైడమ్మాయికి తెలియదు. చెప్పగానే తన ఫోన్లో రాసుకుంది. అదే చౌకు పక్కన జంట శిఖరాలున్న టీన్ చర్చిలో, 1601లో చనిపోయిన ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహీ సమాధి ఉంది. ఆయన కుజగ్రహంపై రాసిపెట్టిన లెక్కలమీదే ఖగోళశాస్త్రి కెప్లర్ గ్రహాల నడక గురించిన తన మొదటి రెండు సూత్రాలు కట్టి 1609లో ప్రచురించాడు. ఆకాశం వైపు ఇంతగా చూసిన ఊరు కనుక గైడును ఈ దారిలో నాలుగు ప్రశ్నలు అడగండి, పొరపాటున కూడా వదలవద్దు.

చౌకులో నేలమీద 27 తెల్లని శిలువ గుర్తులుంటాయి. 1621 జూన్ 21న, అప్పటి పాలకుడైన హాబ్స్‌బర్గ్ వంశపు చక్రవర్తిపై తిరగబడిన 27 మంది నాయకులను అక్కడ చంపారు, 24 మంది తలలు నరికారు, ముగ్గురిని ఉరితీశారు. జనం వాటిమీదుగానే ఐస్‌క్రీము తింటూ నడిచిపోతుంటారు. గైడు చూపించకపోతే మనమూ అలాగే నడిచేవాళ్ళం.

చార్లెస్ వంతెన దగ్గర 'క' జాబితా మరీ పెరుగుతుంది. 1342 వరదలో పాత వంతెన కొట్టుకుపోయాక, 1357లో నాలుగవ చార్లెస్ చక్రవర్తి కొత్తదానికి పునాది వేయించాడు. ఆ ముహూర్తం జూలై 9, ఉదయం 5:31 అనీ, సంవత్సరం, తేదీ, నెల, గంట, నిమిషం వరుసగా రాస్తే 1 3 5 7 9 7 5 3 1 వస్తుందనీ గైడు గొప్పగా చెబుతాడు. ముహూర్తాలంటే ఇష్టపడే మనకు అది వెంటనే నచ్చుతుంది కానీ, నిమిషంతో సహా ఆ లెక్క తర్వాతివారు కట్టినది. సున్నంలో కోడిగుడ్లు కలిపారన్నది కూడా అందరూ చెప్పుకునే కథే. వంతెనపైనున్న 30 విగ్రహాల్లో నెపొముక్ యాన్ అనే మతగురువు విగ్రహం 1683 నాటిది, అన్నిటికన్నా పాతది. కిందనున్న కంచు ఫలకాన్ని అందరూ తాకి తాకి అది బంగారంలా మెరుస్తూ ఉంటుంది. రాణి పాపనివేదనలో చెప్పిన రహస్యం రాజుకు చెప్పనందుకు ఆయనను నదిలో పడవేయించారని కథ. 1393లో ఆయనను వల్తావా నదిలో తోయించినమాట నిజమే. కారణం మాత్రం ఒక మఠాధిపతి నియామకం విషయంలో రాజుకూ ఆర్చిబిషప్పుకూ వచ్చిన తగాదా. మా ఆవిడ కథనే నమ్ముతానంది, ఫలకాన్ని రెండుసార్లు తాకింది కూడా.

యూదుల పేట యోజెఫోవ్ మీ నడకలో ఉంటే శనివారం పెట్టుకోవద్దు, ఆరోజు అక్కడి సినగాగులు (యూదుల ప్రార్థనా మందిరాలు) సందర్శకులకు మూసి ఉంటాయి. సుమారు 1270 నాటి పాత-కొత్త సినగాగులో మగవారు తల కప్పుకోవాలి. పింకాస్ సినగాగు గోడలమీద, నాజీలు చంపిన దాదాపు 78,000 మంది చెక్ యూదుల పేర్లు చేతిరాతతో నింపి ఉన్నాయి. అక్కడ గైడును ముందుకు పొమ్మని, కాసేపు మాట్లాడకుండా ఉండండి.

కోట విషయంలో సాధారణ నడకలు చేసే పొరపాటు ఒకటుంది: అన్నీ చూపించి, కాళ్ళు అలిసిపోయాక చివర గుట్ట ఎక్కిస్తాయి. మొదటిరోజు వంతెన దాటి, అవతలి ఒడ్డున కోట కిందనున్న మలా స్ట్రానా పేటతో ఆపేసి, మరునాడు 22 నంబరు ట్రాములో 'ప్రాష్‌స్కీ హ్రద్' స్టాపులో దిగి, కోటనుంచి కిందికి నడుచుకుంటూ రావడం తెలివైన పని. ట్రాము ఎక్కగానే టికెట్టును పసుపు యంత్రంలో ముద్ర వేయించడం మరిచిపోతే జరిమానా పడుతుంది. కోట ఆవరణలోకి ప్రవేశం ఉచితం, భవనాలకు టికెట్టు ఉంది. 1344లో మొదలై 1929లో గానీ పూర్తికాని సెయింట్ వీటస్ చర్చి చూసి, 1618 మే 23న తిరగబడ్డ ప్రొటెస్టెంటు ప్రభువులు ఇద్దరు కేథలిక్ ప్రభుత్వాధికారులనూ ఒక గుమాస్తానూ ఏ కిటికీలోంచి బయటికి విసిరేశారో కూడా చూడండి. ముగ్గురూ బతికిపోయారు, దేవదూతలు పట్టుకున్నారని ఒక పక్షం, పెంటకుప్ప మీద పడ్డారని మరో పక్షం. ఆ గొడవనుంచే యూరప్‌లో ముప్ఫై ఏళ్ళ యుద్ధం రాజుకుంది.

కిందికి నెరుదోవా వీధిమీదుగా దిగితే, ఇళ్ళ గుమ్మాలపైన మూడు ఫిడేళ్ళు, ఇద్దరు సూర్యులు వంటి చెక్కడాలు కనిపిస్తాయి. 1770లో ఇంటి నంబర్లు వచ్చేముందు చిరునామాలు అవే. గుడి వెనక రెండో వీధిలో వేపచెట్టు ఇల్లు అని చెప్పే మనకు అందులో వింతేమీ లేదు.

డబ్బు మాట. అక్కడ యూరో కాదు, కొరునా. ఒక్కోటి సుమారు నాలుగు రూపాయలు. వీధిలో ఎవరైనా వచ్చి డబ్బు మారుస్తానంటే వినవద్దు. కౌంటరులో మార్చుకున్నాక రేటు మోసంగా అనిపిస్తే, 1,000 యూరోల విలువ వరకు మూడు గంటల్లోపు ఆ లావాదేవీ రద్దు చేయించుకునే హక్కు చట్టం ఇస్తుంది, రసీదు మాత్రం పోగొట్టుకోవద్దు. కార్డు గీసేటప్పుడు యంత్రం రూపాయల్లో కట్టమంటారా అని అడిగితే కొరునాలే ఎంచుకోండి. టాయిలెట్లకోసం చిల్లర నాణేలు వేరే ఉంచుకోండి. కుళాయి నీళ్ళు తాగవచ్చు, సీసా నింపుకోండి. ఉచితమని పిలిచే నడకలో మేము మనిషికి 250 కొరునాలు ఇచ్చాం; గైడు సంతోషించింది, మాకూ తృప్తిగా ఉంది.

ఆఖరుగా, గైడు వెళ్ళిపోయాక చేయాల్సిన పని. గడియారాలను గంట ముందుకు జరిపే వేసవి సమయంలో (అక్టోబరు మొదట్లో కూడా అదే) ప్రాగ్ మనకన్నా మూడున్నర గంటలు వెనక ఉంటుంది కనుక చెన్నైలో ఏడున్నరకు లేచేవారికి కూడా అక్కడ తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది. మంచంమీద దొర్లకుండా, స్వెటరు వేసుకుని, చిన్న పుస్తకం తీసుకుని, తెల్లవారకముందే చార్లెస్ వంతెనకు నడవండి. అక్టోబరులో ఏడు గంటలకు సూర్యుడు వస్తాడు. అప్పటికి వంతెనమీద ఫోటోలు తీసేవారు ఇద్దరు ముగ్గురు, నదిమీద పొగమంచు, వరుసగా నల్లని విగ్రహాలు తప్ప ఏమీ ఉండవు. నిన్న గైడు ఆగిన ప్రతిచోటా ఆగి, 'క', 'చ' అని రాసుకున్నవి ఒక్కొక్కటీ చదువుకుంటూ, కోట వైపు గోపురం దాకా వెళ్ళి, వెనక్కి తిరగండి. హోటల్లో టిఫిను మొదలయ్యే వేళకు చేరుకోవచ్చు.